స్నైపర్ నవలలు మనల్ని ఎందుకు పట్టేస్తాయి?

పర్లాకిమిడి_జిరాక్స్
మొన్న మా పెద్ద బావ షాపుకు వచ్చాడు. స్కూలు మాస్టారు. కరెంటు పోయి మిషన్లు ఆగిపోతే నేను మెట్ల మీద కూర్చుని ఫోన్లో నవల చదువుకుంటున్నాను. ఏం చదువుతున్నావని అడిగితే చెప్పాను. మిలిటరీలో స్నైపర్‌గా చేసి బయటికొచ్చిన ఒకడు, వాడి మీద చేయని హత్య మోపుతారు, వాడు తప్పించుకుని అసలు దొంగల అంతు చూస్తాడు. బావ మొహం చిట్లించి, "దూరాన్నుంచి మనుషుల్ని కాల్చేవాడి కథ నలభై రెండేళ్లొచ్చాక చదువుతున్నావా? ఏటుందిరా అందులో?" అన్నాడు. ఎదురుగా కస్టమర్లు ఉన్నారు. నాకు నోట మాట రాలేదు. రెండు రోజుల నుంచీ అదే మనసులో నలుగుతోంది.

ఇలాంటివి ఇప్పటికి ఏడు చదివాను. అన్నీ ఇంగ్లీషువే. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, డిక్షనరీ చూసుకుంటూ చదివితే ఒక్కోటి నెలన్నర పడుతుంది. కథ కూడా ఇంచుమించు ఒకటే. కొండ పక్కన ఒంటరి ఇల్లు, ఒక కుక్క, మానని గాయం. సూట్లు వేసుకున్న ఇద్దరు వచ్చి దేశానికి నీ అవసరం ఉందంటారు. వెళ్తాడు. ఇరికిస్తారు. చివరికి ఏమవుతుందో నాకు ముందే తెలుసు. అయినా రాత్రి ఒంటిగంట దాటినా ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాదు. ఏముంది ఇందులో? మీరు చెప్తే బావకు చెప్తాను.

బల్లార్షా_నైట్‌డ్యూటీ
నాదీ అదే పరిస్థితి. రాత్రి రెండు బళ్ల మధ్య ఖాళీ దొరికితే ఒక చాప్టర్. కుక్కకు ఏమైనా అయితే మాత్రం ఆ రోజు ఇంక చదవలేను.

జయపురం_కుర్రోడు
కుక్క విషయంలో అన్నతో నేనూ ఉన్నా. నేను చదవను, వింటాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఘాట్ రోడ్డులో బస్సెక్కితే ఊరెప్పుడొచ్చిందో తెలీదు. తుపాకి గురించి చెప్పే భాగాలు ఉంటాయి చూడండి, గాలి ఎంత, దూరం ఎంత అని, నాకు అవే ఇష్టం.

నాగావళి_అక్క
తమ్ముడూ, మీ బావగారు అన్నదాంట్లో తప్పేముంది? మా ఆయన మిలిటరీలో పదిహేడేళ్లు సర్వీసు చేసి వచ్చారు. మేం ఉండేది రాయగడ. మా ఇంట్లో ఇలాంటి పుస్తకం ఒక్కటీ లేదు, ఆయన ఒక్కటీ చదవలేదు. టీవీలో కాల్పుల సీను వస్తే లేచి వరండాలోకి వెళ్తారు. ఈ కథల్లో గురి చూసేవాడికి గతం ఉంటుంది, బాధ ఉంటుంది. అవతల పడిపోయినవాడికి ఏమీ ఉండదు. వాడికీ ఒక అమ్మ ఉంటుంది కదా. అది రాసిన పుస్తకం ఉంటే చెప్పండి, నేనూ చదువుతాను.

మాజీ_హవల్దార్
అక్కగారి మాటకు నేను ఎదురు చెప్పను. నేను ఇన్ఫెంట్రీలో చేశాను. స్నైపర్‌ని కాను, కానీ మా యూనిట్‌లో ఆ ట్రైనింగ్ అయిన ఇద్దరిని దగ్గర నుంచి చూశాను. మన దగ్గర చాలా ఏళ్లు డ్రాగునోవ్ రైఫిలే ఉండేది. రష్యావాళ్లు 1963లో తీసుకున్న మోడల్, పది తూటాల మ్యాగజైన్, నాలుగు రెట్లు పెద్దగా చూపించే స్కోప్. ఇప్పుడు కొత్తవి వచ్చాయి.

ఆ ఇద్దరిలో ఒకతను మన శ్రీకాకుళం వైపువాడే. అతన్ని చూస్తే మీకు నవల హీరో గుర్తుకు రాడు. మెల్లగా మాట్లాడతాడు, మెల్లగా తింటాడు. రైఫిల్ చేతికి తీసుకోగానే ముందు జీరో చూస్తాడు. జీరో అంటే స్కోప్‌లో గుర్తు ఎక్కడ ఉందో తూటా అక్కడే తగులుతోందా లేదా అని సరి చేసుకోవడం. రైఫిల్ ఒక్కసారి కిందపడినా, జీపులో గట్టిగా ఊగినా మళ్లీ చూడాల్సిందే. తర్వాత చిన్న నోటుబుక్కు తీస్తాడు. ఆ రోజు ఎండ, గాలి, దూరం, స్కోప్ మరను ఎన్ని క్లిక్కులు తిప్పాడు, తూటా ఎక్కడ తగిలింది, అన్నీ పెన్సిల్‌తో రాస్తాడు. పెన్ను వాడడు, వానకు చెరిగిపోతుందని. నాలుగు గంటలు కదలకుండా పడుకుని, ఒక్క రౌండూ కాల్చకుండా తిరిగొచ్చిన రోజులే ఎక్కువ. మోచేతుల కింద చీమలు కుట్టిన మచ్చలు ఉండేవి.

నేను నవలలు చదివేది ఆ ఓపిక కోసం. మంచి రచయిత అయితే ఆ నాలుగు గంటల్ని ఇరవై పేజీలు రాస్తాడు, మనకు ఊపిరాడదు. రాయడం రానివాడు పేజీకి ఇద్దర్ని చంపుతాడు. అలాంటిది దొరికితే నేనూ పక్కన పడేస్తాను.

జయపురం_కుర్రోడు
హవల్దారు గారూ, తూటా తగిలిన తర్వాతే శబ్దం వినిపిస్తుందని రాస్తారు. నిజమేనా, లేక కథ కోసమా?

మాజీ_హవల్దార్
నిజమే. డ్రాగునోవ్ తూటా బ్యారెల్ నుంచి, అంటే తుపాకి గొట్టం నుంచి, బయటపడేటప్పుడు సెకనుకు 800 మీటర్ల వేగంలో ఉంటుంది. శబ్దం వేగం 340 మీటర్లే. వెయ్యి మీటర్ల దూరానికి తూటా ఒకటిన్నర సెకను పైన తీసుకుంటుంది, పేల్చిన చప్పుడు చేరేసరికి మూడు సెకన్లు అవుతుంది.

దీన్ని నేను చెవులతో విన్నాను. ఫైరింగ్ రేంజ్‌లో బట్ డ్యూటీ అని ఉంటుంది. టార్గెట్ల కింద గోతిలో కూర్చుని, కాల్చాక టార్గెట్ దించి చిల్లులు లెక్కపెట్టాలి. అక్కడ ముందు తల పైన కొరడా ఝళిపించినట్టు చెళ్లుమంటుంది. ఆ తర్వాత ఎక్కడో దూరంగా ధమ్మని వినిపిస్తుంది. మొదటిది తూటా, రెండోది తుపాకి.

ఇంకోటి. ఆకులూ చిన్న కొమ్మలూ ఆగకుండా కదిలేంత గాలి, అంటే గంటకు పదిహేను, పదహారు కిలోమీటర్లు, పక్క నుంచి వీస్తే వెయ్యి మీటర్ల దగ్గర తూటా రెండు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. మనిషి పక్కన మనిషి నిలబడితే వాడినీ దాటిపోతుందన్నమాట. చాలా నవలల్లో హీరో గాలిని పట్టించుకోడు. నాకు అక్కడే కోపం వస్తుంది.

బరంపురం_పాతపుస్తకాలు
ఇంత మంచి చర్చ ఇన్నాళ్లకు వచ్చింది. మా నాన్నది ఇక్కడ అద్దె పుస్తకాల షాపు. జేబు సైజు డిటెక్టివ్ నవలలు మూట కట్టి తెలుగు వీధుల్లో ఇంటింటికీ తిప్పినవాణ్ణి నేను. అప్పటి పాఠకులు అడిగింది కూడా ఇదే, "అన్యాయం జరిగినోడి కథ ఉంటే ఇయ్యి బాబూ" అని.

అసలు స్నైపర్ అనే మాట పుట్టింది మన దేశంలోనే. స్నైప్ అని బురద పొలాల్లో తిరిగే చిన్న పిట్ట. రంగు మట్టిలో కలిసిపోతుంది, లేస్తే వంకరటింకరగా ఎగురుతుంది. 18వ శతాబ్దంలో ఇక్కడున్న బ్రిటిష్ ఆఫీసర్లు దాన్ని వేటాడటాన్ని ఆ పేరుతో పిలిచారు. అది కొట్టగలిగినవాడే గురిగాడు.

నవలల్లో వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికా మెరీన్ సైనికుడు ఒకడు పదే పదే కనిపిస్తాడు కదా, ఆ అచ్చుకు మూలం కార్లోస్ హ్యాత్‌కాక్ అనే నిజమైన మనిషి. 1967లో ఆయన 2,286 మీటర్ల దూరం నుంచి కొట్టిన గురి 2002 దాకా రికార్డు. లెక్కకెక్కిన మరణాలు 93. అందరూ ఇదే చెప్తారు. నాకు నచ్చే సంగతి వేరే ఉంది. 1969లో ఆయన ప్రయాణిస్తున్న బండి మందుపాతర మీద ఎక్కి మంటల్లో చిక్కుకుంది. ఒళ్లంతా కాలుతున్నా ఏడుగురు తోటి సైనికుల్ని బయటికి లాగాడు. దానికి సిల్వర్ స్టార్ అనే సాహస పతకం ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 1996లో. ఇరవై ఏడేళ్ల తర్వాత. ఈలోపు నరాల జబ్బు వచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసు పూర్తి కావడానికి 55 రోజులు ఉందనగా ఆరోగ్యం బాలేదని రిటైర్ చేసేశారు. తనను బయటికి గెంటేశారన్న బాధతో కుంగిపోయాడు. 1999లో పోయాడు.

నవల రాసేవాళ్లకు కావలసింది ఆ 55 రోజులే. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

నాగావళి_అక్క
93 అనే అంకె దగ్గర ఆగిపోయాను. కానీ ఏడుగురిని మంటల్లోంచి లాగినది నేను ఎక్కడా వినలేదు. అది రాయరేం?

బరంపురం_పాతపుస్తకాలు
రాయాలమ్మా. మీరన్నది నిజం. ఫిన్లాండ్‌లో సిమో హేహ అని ఒక రైతు. 1939 చలికాలంలో రష్యా మీదపడితే వంద రోజుల యుద్ధంలో ఐదు వందల పైచిలుకు లెక్క ఆయన పేరున ఉంది. స్కోప్ కూడా వాడలేదు, అద్దం ఎండకు మెరిస్తే తనెక్కడున్నాడో తెలిసిపోతుందని. ఊపిరి ఆవిరి కనబడకుండా నోట్లో మంచు పెట్టుకునేవాడు. దవడకు తూటా తగిలి సగం మొహం పోయింది. అయినా ఇంటికెళ్లి వ్యవసాయం చేసుకుంటూ 96 ఏళ్లు బతికాడు. ఆ మిగిలిన అరవై ఏళ్ల మీద ఒక నవల వస్తే నేను ముందు కొంటాను.

చాందా_కోర్టుబెంచి
నేను జిల్లా కోర్టులో క్లర్కుని. నాకు ఈ కథల్లో తుపాకికన్నా కేసు ముఖ్యం. మనిషిని ఎలా ఇరికిస్తారు, ఏ కాగితం దొంగది, ఏ సాక్ష్యం తారుమారైంది. బ్యారెల్ లోపల మెలిక గాడులుంటాయి. తూటా వాటిని రాసుకుంటూ బయటికొస్తుంది కాబట్టి దాని మీద గీతలు పడతాయి. 1920లలో రెండు తూటాల్ని పక్కపక్కన పెట్టి ఒకే చూపులో పోల్చే మైక్రోస్కోప్ వచ్చాక ఆ గీతలే కోర్టులో సాక్ష్యమయ్యాయి. నవలలో ప్రపంచమంతా ఆ గీతలు చూసి హీరో తుపాకే అంటుంది. వాడొక్కడికే తెలుసు ఎక్కడ తేడా కొట్టిందో.

నిజంగా జరిగింది కూడా ఉంది. ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే కెప్టెన్. 1894లో ఒక ఉత్తరం చూపించి, రహస్యాలు అమ్మాడని నేరం మోపి, సైనికుల ముందు భుజాల మీద పట్టీలు పీకేసి, ద్వీపంలో పడేశారు. ఆ ఉత్తరం రాసింది వేరే ఆఫీసర్. సంగతి బయటపడ్డాక కూడా ఆ ఆఫీసర్ని కోర్టు వదిలేసింది. ఎమిల్ జోలా అనే నవలా రచయిత 1898లో పత్రికలో బహిరంగ లేఖ రాస్తే దేశం రెండుగా చీలింది. నిర్దోషి అని తేల్చింది 1906లో. పన్నెండేళ్లు.

మన దగ్గర జవాన్ల కోసం ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది 2009లో. అంతకుముందు హైకోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

బల్లార్షా_నైట్‌డ్యూటీ
పట్టీలు పీకేసే సీను చదువుతుంటేనే గుండెలో కలుక్కుమంది అన్నా.

గోడౌన్_మనిషి
ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. కోర్టుబెంచి గారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

ఊరు చెప్పను, ఒడిశాలో మన సరిహద్దు ఊరే. ఒక ధాన్యం గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. కొన్నేళ్ల కిందట తనిఖీకి వచ్చి స్టాకు తూచారు. రిజిస్టర్‌లో 1,200 క్వింటాళ్లు ఉండాలి, నలభై క్వింటాళ్లు తక్కువ వచ్చింది. అమ్ముకున్నానన్నారు. అదే రోజు సస్పెండ్. సగం జీతం, పద్నాలుగు నెలలు. మా వీధిలో కిరాణా కొట్టాయన అప్పటిదాకా ఖాతా రాసేవాడు, ఆ వారం నుంచి నగదు అడగడం మొదలుపెట్టాడు. మా పెద్దమ్మాయి స్కూల్లో ఎవరో ఏదో అన్నారు. ఏమన్నారో ఇప్పటికీ చెప్పలేదు.

ధాన్యం వచ్చినప్పుడు తేమ 17 శాతం. నా చేత్తో మీటర్ పెట్టి చూసి రాసుకున్నాను. వేసవి దాటేసరికి బస్తాలో చెయ్యి పెడితే గింజ గలగలమంటోంది, కొరికితే టక్కున విరుగుతోంది. 14 శాతానికి దిగింది. 17 నుంచి 14కు ఆరితే క్వింటాలుకు మూడున్నర కిలోలు నీళ్లు పోతాయి. 1,200 క్వింటాళ్లకు 42 క్వింటాళ్లు. ఒక్క గింజ దొంగతనం కాలేదు, ఎండ తాగింది. ఎంక్వైరీలో ఇది చెప్తే "కథలు చెప్పకు" అన్నారు.

ఆ రోజుల్లో మా బావమరిది ఫోన్లో ఒక స్నైపర్ నవల పంపించాడు. అందులో టీవీలన్నీ వాణ్ణి హంతకుడంటాయి. వాడు ఒక మురికి గదిలో గాయానికి తనే కుట్లు వేసుకుంటూ, ఆ గాలికి, ఆ దూరానికి, ఆ కిటికీలోంచి ఆ గురి కుదరదని లెక్క కడతాడు. కుదరదు, కాబట్టి కొట్టింది వేరే చోటు నుంచి. వాడి లెక్క ఎవరూ వినరు. నేను విన్నాను. ఆ రాత్రి లేచి లైటు వేసి నా తేమ లెక్క మొదటి నుంచి మళ్లీ కట్టాను.

జిరాక్స్ గారూ, మీ బావగారికి నా తరఫున ఇది చెప్పండి. ఆ పుస్తకంలో హీరో చేయలేదని పాఠకుడికి మొదటి నుంచీ తెలుసు. ఊరు నమ్మకపోయినా, పోలీసులు నమ్మకపోయినా, చదివేవాడు నమ్ముతాడు. నాకు ఆ పద్నాలుగు నెలలు అలా నమ్మే మనిషి ఇంటి బయట ఒక్కరూ లేరు.

జయపురం_కుర్రోడు
అన్నా, ఏం రాయాలో తెలీడం లేదు. ఉద్యోగం తిరిగి వచ్చిందా?

గోడౌన్_మనిషి
వచ్చింది తమ్ముడూ. కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు పాత తేమ రిజిస్టర్ తెప్పించి కూడికలు చేసి చూశారు. ఒక మధ్యాహ్నంలో తేలిపోయింది. బకాయి జీతం కూడా ఇచ్చారు.

నాగావళి_అక్క
గోడౌన్ గారూ, మీ పోస్టు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కానీ ఒకటి అడగాలి, ఏమీ అనుకోకండి. మీ కథలో తుపాకి లేదు కదా. మీరు లెక్కతోనే బయటపడ్డారు. మరి మనకు తుపాకి ఉన్న కథ ఎందుకు కావాలి?

గోడౌన్_మనిషి
అనుకోనమ్మా, అడగాల్సిన మాటే. నన్ను సస్పెండ్ చేస్తూ సంతకం పెట్టినాయన శాలువా కప్పించుకుని రిటైర్ అయ్యారు. తప్పయిందని ఒక్క మాట లేదు. నవలలో ఆ పెద్ద కుర్చీలో ఉన్నవాడు చివర్లో ఒక్క నిమిషమైనా భయపడతాడు. నేను ఎవరినీ చంపాలనుకోలేదు, ఎప్పటికీ అనుకోను. ఆ ఒక్క నిమిషం కోసం చదువుతాను.

నాగావళి_అక్క
అర్థమైంది. చంపకుండా ఆ నిమిషం రాసేవాడు రావాలని నా కోరిక.

చాందా_కోర్టుబెంచి
అక్క మాటతో ఏకీభవిస్తాను. నాకు నచ్చిన ముగింపుల్లో విలన్ కోర్టు బోనులో ఉంటాడు. మాజీ హవల్దారు గారు ఒప్పుకోరేమో!

మాజీ_హవల్దార్
ఒప్పుకుంటాను. మా అతను నాలుగు గంటలు పడుకుని కాల్చకుండా తిరిగొచ్చేవాడని చెప్పాను కదా. అతనికి అదే మంచి రోజు.

సిరొంచ_గోదారి
ఆలస్యంగా వచ్చా. మీరంతా మాట్లాడుతున్నారు గానీ ఇలాంటివి తెలుగులో చదివేదెవరు ఇక్కడ? మా బిడ్డ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, రాయమంటే మరాఠీలో రాస్తుంది. స్కూలు మరాఠీ. గోదారి దాటితే కాళేశ్వరం, అక్కడి బోర్డులు నేను చదివి చెప్పాలి దానికి. నేను చదివిన కథ రాత్రి భోజనాలప్పుడు దానికి నోటితో చెప్తా. స్పాటర్ అంటే ఎవరని అడిగింది. దుర్భిణి పట్టుకుని పక్కనే పడుకుని గాలి చెప్పేవాడు, వాడు లేకపోతే గురిగాడు ఒక కన్ను మూసుకున్నట్టే అని చెప్పా. "అయితే నాకు స్పాటర్ కథ చెప్పు" అన్నది.

పర్లాకిమిడి_జిరాక్స్
మీ పాప అడిగినదే అడగాలి. పుస్తకాల్లో రాసే తెలుగు జనం మాట్లాడే తెలుగు కావాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది మా ఊళ్లోనే ఉండి. ఆ ఊళ్లో ఇప్పుడు పిల్లలు తెలుగు వింటారు, చదవలేరు. మా అమ్మకూ కళ్లు కనబడవు. నేను ఏడు నవలలూ ఆమెకు వరసగా చెప్పినవే. ఆమెకు హీరో మీద కంగారు లేదు, "ఆ గుంటడు అన్నం ఎప్పుడు తిన్నాడు?" అని అడుగుతుంది. నిజంగానే చాలా నవలల్లో వాడు మూడు రోజులు ఏమీ తినడు.

బల్లార్షా_నైట్‌డ్యూటీ
అమ్మగారికి దణ్ణం. మీరు చెప్పేది ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి అన్నా. నైట్ డ్యూటీలో కళ్లు మండుతుంటాయి, చెవులు ఖాళీయే.

పర్లాకిమిడి_జిరాక్స్
ఇంకొకరి పుస్తకం చదివి పెట్టడం పద్ధతి కాదు. మనది మనం రాసుకుంటే పెడతాను. హవల్దారు గారు గాలి సంగతి చూసుకుంటానంటే, కోర్టుబెంచి గారు కేసు చూసుకుంటానంటే మొదలుపెడదాం. బావకు ఈ పేజీ పంపించాను. గోడౌన్ గారి పోస్టు దాకా చదివాడట. ఇంకా ఏమీ అనలేదు.

మాజీ_హవల్దార్
ఆదివారం ఖాళీ. గాలి లెక్క, తూటా ఎంత దిగుతుందో ఆ లెక్క రాసి పెడతాను. హీరోకి అన్నం పెట్టే బాధ్యత అమ్మగారిది.

నాగావళి_అక్క
నిన్న రాత్రి మా ఆయనకు ఇదంతా చదివి వినిపించాను. మామూలుగా అయితే లేచి వెళ్లిపోతారు, వెళ్లలేదు. బట్ డ్యూటీ దగ్గర చిన్నగా తలూపారు. గోడౌన్ గారు రాసింది రెండోసారి చదవమన్నారు. అంతా విని ఒక్కటే అడిగారు, "తూచే ముందు కాటా జీరో చూశారా, కనుక్కో" అని. మీకు చెప్పమన్నారు.

గోడౌన్_మనిషి
చూడలేదమ్మా. ఖాళీ కాటా మీద ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూడండి సార్ అని నేను అడిగాను, అడిగినట్టు రిజిస్టర్ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను కూడా. పద్నాలుగు నెలల్లో ఆ ప్రశ్న ఒక్కరూ వేయలేదు. వారికి నా నమస్కారం చెప్పండి.